సైకిలు మీద చూసిన తోటలు



డిసెంబరు 17న జరిగే పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు ఇప్పటికి మూడుసార్లు ఫోను చేశారు. నేను రచయితను కాను. ముప్పయ్యారేళ్ళు మరామత్తు శాఖలో గుమాస్తాగా నోట్‌ఫైళ్ళు రాసి 2007లో రిటైరైనవాణ్ణి. నేను రాసినవన్నీ “తమ ఆమోదమునకై సమర్పించడమైనది” అన్న వాక్యంతో ముగిసేవి. అయినా కార్యదర్శి గారి మాట తీసెయ్యలేక, నాకు తెలిసిన ఒకే ఒక్క విషయం మీద రాస్తున్నాను. అది కర్నూలు, కడప ప్రాంతాల్లో తోటలు, పార్కులు సైకిలు మీద తిరిగి చూడటం.

“రాయలసీమలో పార్కులా? రాళ్ళు తప్ప ఏమున్నాయి స్వామీ!” అని కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక సూపరింటెండెంటు గారు నన్ను ఎగతాళి చేశారు. నిజమే, ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని సీమ మనది. కానీ నీళ్ళు లేనిచోట పెంచిన చెట్టుకు ఉన్న విలువ నీళ్ళున్నచోట చెట్టుకు ఉండదు. మన తోటల చరిత్ర అంతా ఆ నీళ్ళ చరిత్రే.

సైకిలు వచ్చిన విధం

నేను 1971లో కర్నూలులో ఎల్.డి.సి.గా చేరాను. రెండో ఏడాది ఆఫీసులో సైకిలు అడ్వాన్సు తీసుకుని హెర్క్యులిస్ సైకిలు కొన్నాను. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో మొదలైన టి.ఐ. సైకిల్స్ వారి బండి అది. నెలనెలా జీతంలో వాయిదా కోసుకునేవారు. నా జీవితంలో ప్రభుత్వానికి నేను బాకీపడిన మొదటి సొమ్ము అదే. సైకిలుకు మునిసిపాలిటీ ఇత్తడి బిళ్ళ ఉండాలి, రాత్రయితే లైటు ఉండాలి, వెనక మనిషిని ఎక్కించుకోకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఈనాటి మనవళ్ళకు ఇవి చెబితే నవ్వుతారు.

మా అకౌంట్స్ సెక్షన్‌లో నాకంటే మూడేళ్ళు పెద్దవాడైన మిత్రుడు ఒకాయన ఉండేవాడు. ఆయనది అట్లాస్ సైకిలు. ఆయన పేరు రాయవద్దని ఆయన కుటుంబం వారు కోరినందున ఇక్కడ “అన్న” అనే రాస్తాను. నేను పిలిచిందీ అలాగే. ఆదివారం తెల్లవారుజామున మా ఇంటి ముందు నిలబడి బెల్లు కొట్టి, “ఏమప్పా, లేస్తివా లేదా?” అని కేక వేసేవాడు. క్యారియరుకు ఒక సంచి. అందులో మంచినీళ్ళ సీసా, బొరుగులు, ఒక నోటుబుక్కు. ఏ తోటకు పోయినా అక్కడ చెట్లెన్ని, బావి ఎక్కడ, తోట ఎవరు వేయించారు అని ముసలివాళ్ళను అడిగి ఆ పుస్తకంలో రాసుకునేవాడు. లెక్కల మనిషి కదా, చెట్లను కూడా లెక్కలోకి తెచ్చేవాడు. తిరుగు దారిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, తొమ్మిది గంటలకల్లా ఇల్లు చేరేవాళ్ళం. ఎండ ముదిరితే సైకిలు సీటే కాలేది.

కర్నూలు: నవాబుల నుంచి డేరాల దాకా

మా మొదటి మజిలీ ఎప్పుడూ కొండారెడ్డి బురుజు. పదహారో శతాబ్దంలో విజయనగర రాజులు కట్టిన కోటలో మిగిలిన ముఖ్యమైన భాగం అది. ఆవరణలో చెట్టు నీడన కూర్చుంటే సగం ఊరు కనబడేది. అక్కడి నుంచి హంద్రీ ఒడ్డున ఉన్న గుమ్మజుకు పోయేవాళ్ళం. బీజాపూరు సుల్తానుల తరఫున కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి అది, 1618 నాటిది. సమాధి చుట్టూ తోట వేయడం ఆ రోజుల్లో ఆచారం. చచ్చినవాడికి నీడ, బతికినవాడికి విశ్రాంతి.

కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్. 1839లో కంపెనీవారు ఆయన కోటను సోదా చేస్తే, అంతఃపురపు ఆవరణతో సహా ఎక్కడ చూసినా ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాయి. నవాబును గద్దె దించి తిరుచినాపల్లికి పంపారు. 1840లో ఆయన అక్కడే చనిపోయాడు. “పూలు పూయాల్సిన చోట ఫిరంగులు మొలిపిస్తే అంతే కదప్పా” అని అన్న ఈ కథ చెప్పినప్పుడల్లా ఒక మాట చేర్చేవాడు.

కర్నూలు రాజధాని అయిన కథలో కూడా ఒక తోట ఉంది. ఇది చాలామందికి తట్టదు. రాయలసీమ, కోస్తా నాయకులు కలిసి 1937 నవంబరు 16న చేసుకున్న ఒప్పందం పేరు శ్రీబాగ్ ఒడంబడిక. శ్రీబాగ్ అంటే మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు. అమృతాంజనం, ఆంధ్రపత్రిక ఆయనవే. బాగ్ అంటే తోట. రాజధానో హైకోర్టో ఒకటి సీమకు ఉండాలన్న మాట అలా తోట పేరున్న ఇంట్లో పుట్టింది. పంతులు గారు మరుసటి ఏడే 1938లో కన్నుమూశారు. ఈనాటికీ చెన్నై మైలాపూరులో ఆయన పేరుతో నాగేశ్వరరావు పార్కు ఉంది. మద్రాసు వెళ్ళినప్పుడు నేను ఆ పార్కులో ఒక గంట కూర్చుని వచ్చాను. మన ఊరి చరిత్రకు చుట్టం ఇంటికి పోయినట్లనిపించింది.

ఆ ఒప్పందం ప్రకారమే 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. నెహ్రూ గారు వచ్చి ప్రారంభించారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి. కట్టడాలు చాలక ఆఫీసులు, ఉద్యోగుల కాపురాలు డేరాల్లోనే నడిచాయి. అప్పుడు నాకు నాలుగేళ్ళు. మా నాయన చెప్పేవాడు: మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాలు గాలిదుమారం లేస్తే ఒక చేత్తో ఫైళ్ళు, ఒక చేత్తో డేరా గుంజ పట్టుకునేవారట. మధ్యాహ్నం డేరాలో ఉండలేక వేపచెట్ల కింద బల్లలు వేసుకుని పని చేసేవారట. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. డేరాలు పోయాయి, చెట్లు మాత్రం ఎక్కడికీ బదిలీ కాలేదు.

కాలువ గట్టు

మా ఆఫీసు పని అంతా కర్నూలు–కడప కాలువ చుట్టూ తిరిగేది. జనం కె.సి. కెనాల్ అంటారు. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనలతో 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కడప దాకా ఇంచుమించు 300 కిలోమీటర్ల కాలువ తవ్వించింది. 1863లో మొదలై 1870కి పూర్తయింది. సేద్యంతోపాటు పడవలు కూడా నడపాలని వారి ఆశ. మన రైతులు వెంటనే నీటి తీరువా కట్టి తరి పైర్లకు దిగలేదు, కంపెనీ నష్టపోయింది. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. పడవలు మానేసి చాలా కాలమైంది గాని, నీళ్ళు మాత్రం మన రెండు జిల్లాల పొలాలకు పారుతూనే వచ్చాయి. కర్నూలు ఊళ్ళో హంద్రీ మీద కట్టిన వంతెనపై ఈ కాలువ నదిని దాటిపోతుంది. కింద ఒక ఏరు, పైన ఒక ఏరు. సైకిలు ఆపి ఆ వింత చూడనివాడు కర్నూలువాడు కాడు.

కాలువ గట్టు సైకిలుకు మంచి బాట. ఎగుడుదిగుడు తక్కువ, ఒక పక్క నీళ్ళ చల్లదనం, చాలాచోట్ల చెట్లు. గేజి చూసే లస్కర్లు మమ్మల్ని గుర్తుపట్టి మజ్జిగ ఇచ్చేవారు. ఆఫీసర్లు తనిఖీకి వస్తే దిగడానికి కాలువ పొడుగునా శాఖవారి బంగళాలు ఉండేవి. ఒక్కో బంగళాకు ఒక తోట, ఒక మాలి. కాలువ నీళ్ళే తోటకు పెట్టేవారు. పార్కు అని ఎవరూ బోర్డు పెట్టలేదు గాని, పల్లెజనానికి అవే పార్కులు. ఆఫీసరు లేని రోజు పిల్లలు ఆడుకునేవారు, కూలీలు సద్దిమూటలు విప్పుకునేవారు.

ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదేనేమో.

ఒక ఊళ్ళో ఒక బంగళా ఉండేది. ఊరిపేరు అనవసరం. ఆ తోటలో ఆరు చింతలు, ఆరు వేపలు, రెండు నిద్రగన్నేర్లు, మొత్తం పధ్నాలుగు చెట్లు. అన్న నోటుబుక్కులో ఆ లెక్క ఉంది. ఎన్నో ఆదివారాలు ఆ చింతల కింద పడుకున్నాం. 1984లో ఆ చెట్లను కొట్టించి వేలం వేయాలని ఫైలు నడిచింది. అది నా సీటుకే వచ్చింది. “చెట్లు పాతబడినవి, భవనమునకు ప్రమాదకరముగా నున్నవి” అని కిందినుంచి వచ్చిన మాటనే నేను నోటులో ఎక్కించి పైకి పంపాను. ఆ చెట్లు భవనానికి వంద అడుగుల దూరంలో ఉన్నాయని నాకు తెలుసు. వాటి నీడ కొలిచినవాణ్ణి నేను. ఒక వాక్యం, “ఒకసారి స్థల తనిఖీ చేయించుట మంచిది” అని రాసి ఉంటే ఫైలు తిరిగొచ్చేది. రాయలేదు. అప్పుడు నా ప్రమోషను ఆ సెక్షన్‌లోనే నలుగుతోంది. పైవారికి ఎందుకు అడ్డం రావాలనిపించింది. నన్నెవరూ బలవంతపెట్టలేదు, నా మీద ఎవరూ కోప్పడలేదు. నేనే రాయలేదు.

వేలం సొమ్ము కట్టిన చలానా అన్న సెక్షన్‌కు వచ్చింది. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, “ఇది నీ సీటు ఫైలే కదప్పా?” అని మాత్రం అడిగాడు. అవునన్నాను. రెండు ఆదివారాలు మా ఇంటి ముందు బెల్లు మోగలేదు. మూడో ఆదివారం మోగింది. బయటికి వచ్చి చూస్తే క్యారియరు మీద తడి గోనెసంచి, అందులో కానుగ మొక్కలు. లెక్కపెట్టాను, పధ్నాలుగు. ఆయన ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. మేమిద్దరం బస్సు టాపు మీద సైకిళ్ళు వేసుకుని, ఆయన రిటైరయ్యాక ఇల్లు కట్టుకోవాలని ప్లాటు కొన్న ఊరికి పోయాం. ఆ లేఅవుటులో పార్కుకని వదిలిన ఖాళీ స్థలంలో ఆ మొక్కలు నాటి వచ్చాం. ముళ్ళకంప నేనే కొట్టి చుట్టూ కంచె వేశాను. చేతులకు ముళ్ళు గుచ్చుకున్నాయి. అది నాకు తగిందే.

పత్తికొండలో మన్రో తోపు

తోటల్లో నాకు అన్నిటికంటే వింతగా తోచింది పత్తికొండది. సర్ థామస్ మన్రో పేరు మన సీమలో తెలియనివారు లేరు. నిజాం 1800లో ఈ జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాక 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఊరూరా డేరాలు వేసుకుని తిరిగి రైతువారీ పద్ధతిలో శిస్తు నిర్ణయించినవాడు. తరువాత మద్రాసు గవర్నరయ్యాడు. పదవి దిగి దేశం వెళ్ళిపోయే ముందు పాత రైతులను ఒకసారి చూసిపోదామని వచ్చి, కలరా తగిలి 1827 జూలై 6న పత్తికొండలో చనిపోయాడు. ఆయన జ్ఞాపకార్థం ప్రభుత్వం అక్కడ చెట్ల తోపు వేయించి, మెట్ల బావి తవ్వించింది. మద్రాసులో మాత్రం గుర్రం మీద కూర్చున్న కంచు విగ్రహం పెట్టారు. రెండింట్లో ఏది మేలు అని అన్న అడిగేవాడు. విగ్రహం కింద ఎవరికీ దాహం తీరదు కదా.

మన తెలుగు “తోపు” అన్న మాట ఇంగ్లీషువారి కాగితాల్లోకి కూడా ఎక్కిపోయింది. పాత గెజిటీర్లు చూసినవారికి తెలుస్తుంది. బాటసారుల కోసం తోపు వేయించడం, బావి తవ్వించడం మనవాళ్ళు పుణ్యకార్యమనుకునేవారు. ఇంగ్లండులో ప్రజల సొమ్ముతో ప్రజల కోసం పార్కు తెరవడం 1847లో బర్కెన్‌హెడ్ అనే ఊళ్ళో జరిగిందంటారు. మద్రాసులో పీపుల్స్ పార్కు ఆ తరువాతిదే. మన పల్లెల తోపులు వాటికంటే పాతవి. బోర్డులు లేవు, అంతే తేడా.

మన్రో గురించి కడప జిల్లాలో ఒక జనశ్రుతి ఉంది. గండి క్షేత్రం దగ్గర పాపఘ్ని నది కొండల మధ్య నుంచి వచ్చే చోట, రెండు కొండలకు కట్టిన బంగారు తోరణం ఆయన కంటికి కనబడిందట. అది కనబడినవాడు పుణ్యాత్ముడు, కానీ ఎక్కువ కాలం బతకడట. నమ్మినా నమ్మకపోయినా, పరాయి దొరకు ఇలాంటి కథ కట్టారంటే ఆనాటి రైతులు ఆయనను ఎలా చూశారో తెలుస్తుంది. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

కడప రోజులు

1990ల మొదట్లో నాలుగేళ్ళు కడపలో పనిచేశాను. హెర్క్యులిస్‌ను బస్సు మీదే తీసుకుపోయాను. కడపలో నేను మొదట వెదికింది సి.పి. బ్రౌన్ తోట. 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన బ్రౌన్ దొర, తరువాత ఇక్కడే తోటతో సహా ఒక బంగళా కొన్నాడు. అందులో సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలు పరిష్కరింపజేశాడు. వేమన పద్యాలు అచ్చుకెక్కడానికి, తెలుగు నిఘంటువు రావడానికి ఆ శ్రమే పునాది. బంగళా శిథిలమైంది. ఆ స్థలంలోనే జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో బ్రౌన్ స్మారక గ్రంథాలయం లేచింది. ఇప్పుడు అది యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉంది. తోటలో పుస్తకాలు పుట్టాయి. పుస్తకాల కోసం మళ్ళీ అక్కడే ఇల్లు లేచింది. సైకిలు గోడకు ఆనించి ఆ ఆవరణలో నిలబడినప్పుడు, గుమాస్తాగిరీ చేసినవాడు కూడా ఏదో ఒకటి మిగిల్చి పోవచ్చుననిపించింది. బ్రౌన్ కూడా ఉద్యోగం చేస్తూనే కదా ఇదంతా చేసింది.

దేవుని కడప గుడికి, ఎండ తక్కువ కాలంలో సిద్ధవటం కోటకు కూడా సైకిలు మీదే పోయేవాణ్ణి. సిద్ధవటం 1770ల చివర హైదరాలీ వశమైంది. అదే హైదరాలీ 1760లో బెంగుళూరు లాల్‌బాగ్ తోటకు మొదలుపెట్టినవాడు. సిద్ధవటం నుంచి చూస్తే లంకమల కొండలు కనబడతాయి. ఆ ప్రాంతపు పొదల్లోనే 1986 జనవరిలో కలివికోడి మళ్ళీ దొరికింది. 1900 తరువాత ఎవరూ చూడలేదని, అంతరించిందని పుస్తకాల్లో రాసేసిన పక్షి అది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ గారు స్థానికుల సాయంతో దాన్ని కనుగొన్నారు. దాని కోసమే తరువాత అక్కడ అభయారణ్యం ఏర్పడింది. కర్నూలు వైపు రోళ్ళపాడు కూడా బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యమైంది. ఇటీవలి సంవత్సరాల్లో అక్కడ బట్టమేక కనబడటం లేదని వింటే బాధగా ఉంది. మనకు పనికిరాని బీడు అనిపించిందే ఒక ప్రాణికి పార్కు. రాళ్ళు తప్ప ఏముందన్న సూపరింటెండెంటు గారికి అప్పుడు ఈ జవాబు నాకు తెలియదు.

వరద

2009 అక్టోబరు 2. గాంధీ జయంతి సెలవు. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు పాతబస్తీ మునిగింది. మా ఇంట్లో నీళ్ళు కిటికీల పైదాకా వచ్చాయి. మేము డాబా ఎక్కి రాత్రంతా తడుస్తూ కూర్చున్నాం. నీళ్ళు తీశాక చూస్తే సర్వీసు రిజిస్టరు నకళ్ళు, పెన్షను కాగితాలు, పెళ్ళి ఫోటోలు అన్నీ బురద. సైకిలు ఒండ్రులో సగం కూరుకుపోయి ఉంది. మూడో రోజు అన్న వచ్చాడు, తలమీద బియ్యం మూట, చేతిలో ఉగ్గాని పొట్లం. ఇంటి సంగతి అడిగాక, “బండి ఎట్లుంది?” అని అడిగాడు. ఇద్దరం కూర్చుని దానికి కిరోసిను పట్టించి, గోళీలు మార్చి, చక్రం తిరిగేట్టు చేశాం. నేను ఏడ్చింది అప్పుడే, వరదప్పుడు కాదు.

పధ్నాలుగు కానుగలు

2004లో రిటైరైన అన్న ఆ లేఅవుటులోనే ఇల్లు కట్టుకున్నాడు. 2012లో ఆ పార్కు స్థలంలో దుకాణాల సముదాయం కట్టాలని ప్రతిపాదన లేచింది. అప్పటికి కానుగలకు ఇరవై ఎనిమిదేళ్ళు. చెట్లకు ఎర్రరంగు నెంబర్లు వేశారని అన్న ఫోను చేశాడు. “ఫైలు మళ్ళీ నడుస్తోందప్పా. ఈసారి మన సీటు అవతలి పక్క” అన్నాడు.

2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజు కట్టి ఆమోదించిన లేఅవుటు నకలు తీసుకున్నాం. అందులో ఆ స్థలం పార్కు అనే ఉంది. ఒక లాయరు గారు 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించారు. బెంగుళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఒక ట్రస్టుకు ఆసుపత్రి కోసం ఇస్తే, అక్కడి నివాసులు కోర్టుకు పోయి గెలిచిన కేసు. ఆసుపత్రి మంచిదే అయినా, పార్కుకని చూపిన స్థలాన్ని మరొకరికి ఇచ్చెయ్యడం చెల్లదని కోర్టు చెప్పింది. ఆ తీర్పు చదివి అన్న నాతో అన్న మాట ఇది: “నకారా గారి కేసులో మన పెన్షను దయాదాక్షిణ్యం కాదు, హక్కు అన్నారు. పార్కు కూడా అంతే.” 1982 డిసెంబరు 17న వచ్చిన ఆ నకారా తీర్పు రోజునే మనం ఏటా దినోత్సవం చేసుకుంటున్నామని మిత్రులకు తెలుసు.

ఈసారి నోటు నేను రాశాను. నలభైయొక్క మంది సంతకాలతో అర్జీ. “స్థల తనిఖీ చేయించవలసినదిగా కోరడమైనది” అన్న వాక్యం అందులో పెట్టాను, ఇరవై ఎనిమిదేళ్ళు ఆలస్యంగా. అన్న రెండేళ్ళు ఆ అర్జీ వెంట సైకిలు మీద తిరిగాడు. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు, ఒక మేడ నుంచి ఇంకో మేడకు. ఎవరూ కాదనలేదు, ఎవరూ అవుననలేదు. మనమూ ఒకప్పుడు ఆ బల్లల వెనక కూర్చున్నవాళ్ళమే కదా, ఎవరిని ఏమనగలం? చివరికి ఒకరోజు ఫైలు ఎల్.డిస్. అయిందని తెలిసింది. గెలిచామని ఎవరూ కాగితం ఇవ్వలేదు. దుకాణాలు మాత్రం రాలేదు.

అన్న 2016లో పోయాడు. గుండెపోటు. ఆయన కోరిక ప్రకారం నోటుబుక్కు నాకిచ్చారు. ఆఖరి పేజీలో ఆ పార్కు లెక్క ఉంది: కానుగలు నాటినవి 14, ఉన్నవి 11, బెంచీలు లేవు. తరువాత కాలనీవారు తలా కొంత వేసుకుని నాలుగు సిమెంటు బెంచీలు వేయించారు. నేను పోయి ఆ పేజీలో “బెంచీలు 4” అని రాసి తేదీ వేశాను. ఆడిట్ పూర్తయింది.

మిత్రులకు మనవి

2019లో సైకిలు మీద నుంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాను. మా అబ్బాయి బండికి తాళం వేసి తాళంచెవి దాచాడు. మరుసటి ఏడాది కరోనా వచ్చి పార్కులకే తాళాలు పడ్డాయి. అదే 2020లో జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, సాహిబాబాదులోని అట్లాస్ సైకిళ్ళ కర్మాగారం మూతపడింది. పేపర్లో చదివి అన్న బండిని తలచుకున్నాను. ఆ ఏడాది మన సంఘంలో ఎందరు పోయారో మీకు తెలుసు. పార్కులు మళ్ళీ తెరిచిన రోజు మా అబ్బాయే తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. “పెద్దరోడ్డు మీద తొక్కొద్దు నాయనా, తోసుకుంటూ పో” అన్నాడు. ఆ షరతు పాటిస్తున్నాను. సందుల్లో తొక్కుతాను, రోడ్డు దాటేటప్పుడు తోస్తాను, పార్కులో చెట్టుకు ఆనిస్తాను.

మిత్రులారా, నావి మూడు మనవులు. ఒకటి, మీ కాలనీ లేఅవుటులో పార్కు స్థలం ఎక్కడుందో ఒకసారి కాగితం మీద చూడండి. ఖాళీ స్థలానికి కాగితమే కంచె. రెండు, ఆ స్థలంలో మీ మనవడితోనో మనవరాలితోనో ఒక వేప, ఒక కానుగ నాటించండి. మొదటి మూడు ఎండాకాలాలు నీళ్ళు పోస్తే చాలు, తరువాత అవే మనల్ని చూసుకుంటాయి. మూడు, ఇంకా సర్వీసులో ఉన్న మన పిల్లలకు చెప్పండి. ఏదైనా చెట్టు ఫైలు బల్ల మీదికి వస్తే, పైకి పంపే ముందు సైకిలు మీద కాకపోతే కారు మీదైనా వెళ్ళి ఆ చెట్టును ఒకసారి చూసి రమ్మని.

ఇందులో తప్పులుంటే పెద్దలు మన్నించగలరు. అన్న నోటుబుక్కు నా దగ్గరే ఉంది. చూడదలచినవారు ఆదివారం పొద్దున ఆరు గంటలకు పార్కుకు రండి. సైకిలు ఆనించి ఉన్న వేపచెట్టు కిందే ఉంటాను.

సెలవు.